లా బొబేరా: ఒక నరాల డాక్టరు, ఆరు వేల మంది చుట్టాలు

వెనకాల వినపడుతోందా అండీ? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గిస్తే... ఆ, చాలు చాలు.

నన్ను పిలిచినవాళ్ళు ఏమన్నారంటే, ఆల్జీమర్స్ గురించి ఓ గంట మాట్లాడండి, మతిమరుపు రాకుండా ఏం తినాలో కూడా చెప్పండి అన్నారు. తినే సంగతి నాకు తెలీదండీ, నిజం చెప్తున్నా. నేను ఇన్నేళ్ళూ చేసిందల్లా ల్యాబులో ఎలకల మెదళ్ళు పల్చటి ముక్కలుగా కోసి రంగులేసి మైక్రోస్కోపు కింద పెట్టి చూడటం, అందులో నేను కనిపెట్టింది చెప్పాలంటే ఐదు నిమిషాలు చాలు, మిగతా యాభై అయిదు నిమిషాలూ మీరు టీ తాగొచ్చు. (నవ్వులు) అందుకని నా సంగతి వదిలేసి ఇంకొకాయన సంగతి చెప్తాను, ఆయన్ని నేను ఎప్పుడూ కలవలేదు, పేపర్లు చదివాను అంతే, కానీ ఈ జబ్బు మీద పనిచేసేవాళ్ళలో ఎవరి జీవితం గురించైనా మాట్లాడమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆయనే. పేరు ఫ్రాన్సిస్కో లోపెరా. కొలంబియా దేశం. 2024 సెప్టెంబర్ 10న పోయారు, డెబ్బై మూడేళ్ళకి.

కొలంబియా అనగానే మనవాళ్ళకి పాబ్లో ఎస్కోబార్ గుర్తొస్తాడు, ఓటీటీ పుణ్యమా అని. అదే ఊరండీ ఈయనది కూడా. స్పెల్లింగ్ చూస్తే మెడెలిన్ అని చదువుతాం, వాళ్ళు మెడెయిన్ అంటారు. ఆ ఊరు రాజధానిగా ఉన్న రాష్ట్రం ఆంతియోకియా, అంతా కొండలు, కాఫీ తోటలు, ఇంకా పైకెళ్తే బంగాళదుంపలు, పాడి. లోపెరా పుట్టిపెరిగింది ఆ కొండల్లోనే, యారుమాల్ అనే ఊళ్ళో పెరిగాడు, ఆంతియోకియా యూనివర్సిటీలోనే మెడిసిన్ చదివాడు. ఇది ఎందుకు చెప్తున్నానంటే తర్వాత ఆయన వెతుక్కుంటూ వెళ్ళిన రోగులు ఎక్కడో లేరు, ఆయన ఊరి చుట్టుపక్కలే ఉన్నారు. ఆ యాసే మాట్లాడతారు. ఇదే ఇంకో దేశంనుంచి సూటు వేసుకుని వెళ్ళిన ప్రొఫెసర్ అయితే వాళ్ళు తలుపు తీసేవాళ్ళు కాదేమో అని నాకు అనిపిస్తుంది.

1980ల మొదట్లో, ఈయన ఇంకా న్యూరాలజీలో రెసిడెంట్, మన లెక్కలో పీజీ చేస్తున్నాడు. బెల్మీరా అనే కొండ ఊరినుంచి ఒక రైతుని తీసుకొచ్చారు. వయసు నలభై ఏడు. మతిమరుపు. నలభై ఏడేళ్ళకి మతిమరుపేంటి, తలకి దెబ్బ తగిలిందా, తాగుడా, ఇన్ఫెక్షనా, ఇవన్నీ చూస్తారు కదా ముందు, అవేం కాదు. అప్పుడు ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే ఆయన తండ్రికి ఉండేది, తాతకి ఉండేది, తోబుట్టువుల్లో ఇంకొందరికి మొదలైంది. అందరికీ అదే వయసులో. మామూలు పీజీ అయితే కేస్ షీట్లో కుటుంబ చరిత్ర ఉంది అని ఒక లైను రాసి వదిలేస్తాడండీ, నేనైనా అదే చేసేవాణ్ణి, వార్డులో ఇంకా ఇరవై మంది ఉంటారు. ఈయన ఆ ఊరికి వెళ్ళాడు.

వెళ్తే అక్కడ దానికి పేరు కూడా ఉంది. లా బొబేరా. అంటే మొద్దుతనం, వెర్రిబాగులతనం, అలాంటి అర్థం. మనం చాదస్తం అంటాం చూడండి, మతి తప్పింది అంటాం, చిన్నపిల్లాడైపోయాడు అంటాం, అలాంటి ఇంటి మాట. ఒక మాట పెట్టేశామంటే ఇంక అది జబ్బు కాదు, ఇంటి సంగతి అయిపోతుంది, డాక్టరు దాకా పోదు. మా నాన్నకి మొదలైనప్పుడు మేం కూడా రెండేళ్ళు చాదస్తం అనుకునే గడిపాం, అప్పటికి నేను ఇదే సబ్జెక్టులో పనిచేస్తున్నాను, అయినా సరే. ఎలకలో అయితే గుర్తుపట్టేవాణ్ణి. (నవ్వులు) అక్కడి వాళ్ళకి ఇంకా కథలున్నాయి, చర్చి హుండీలో డబ్బులు దొంగతనం చేస్తే ఫాదర్ శాపం పెట్టాడని, ఫలానా చెట్టు ముట్టుకుంటే వస్తుందని. తరతరాలుగా వస్తోంది, కొందరికి వస్తోంది కొందరికి రావట్లేదు, దానికి ఏదో ఒక కారణం కావాలి కదా మనిషికి. నిజానికి వాళ్ళు గమనించింది కరెక్టే, వంశంలో పోతోంది అనేది వాళ్ళు డాక్టర్ల కంటే ముందే చెప్పారు. కారణం ఒక్కటే తప్పు.

ఇక్కడ ఇంకొక మనిషిని చెప్పాలి, ఈవిడ పేరు చాలామంది చెప్పరు. లూసీయా మద్రిగాల్, నర్సు. ఆ వంశవృక్షాలు గీయడంలో సగం పైన కష్టం ఈవిడది. ఎలా గీస్తారు, ఊరూరూ తిరగడం, ఎవరి కొడుకు ఎవరు, ఎవరు ఏ వయసులో పోయారు, పోయేముందు మనుషుల్ని గుర్తుపట్టారా లేదా, ఇవన్నీ అడగడం, తర్వాత చర్చిల్లో బాప్తిస్మం రిజిస్టర్లు, పెళ్ళి రిజిస్టర్లు, చావు రిజిస్టర్లు తిరగేయడం. మనూళ్ళలో పూర్వం వంశాలు పాడి చెప్పేవాళ్ళు వచ్చేవాళ్ళు గుర్తుందా, పెద్దవాళ్ళు తలూపుతున్నారు, ఆ, ఆ పనే, కాకపోతే పాట లేదు. అలా వెనక్కి వెనక్కి పోతే పద్దెనిమిదో శతాబ్దం దాకా వెళ్ళింది గొలుసు, స్పెయిన్ నుంచి వచ్చినవాళ్ళ దాకా. ముందుకి వస్తే ఇరవై అయిదు పెద్ద కుటుంబాలు, సుమారు 6,000 మంది బతికున్న చుట్టాలు. అందులో ఈ జబ్బు తెచ్చే జన్యువు మోస్తున్నవాళ్ళు దాదాపు 1,200 మంది. ప్రపంచంలో ఒకే మార్పుతో వచ్చే ఆల్జీమర్స్ ఇంత మందిలో ఒకే చోట ఇంకెక్కడా లేదు.

అప్పటి పరిస్థితి ఒకసారి ఊహించుకోండి. ఎనభైలు, తొంభైలు. ఊళ్ళో ఎస్కోబార్ మనుషులు, 1993 డిసెంబర్లో గానీ వాడు చావలేదు, కొండల్లో గెరిల్లాలు, వాళ్ళకి పోటీగా పారామిలిటరీ వాళ్ళు. రక్తం శాంపిల్ తీసుకుని కొండ దిగాలంటే దారిలో ఎవరు ఆపుతారో తెలీదు. మా దగ్గర ఐస్ లేటుగా వచ్చిందని శాంపిల్ పాడైందని నేను స్టోర్స్ వాళ్ళమీద అరిచిన రోజులున్నాయి, అది తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

సరే సైన్సు. 1992లో అమెరికానుంచి కెన్నెత్ కోసిక్ అని ఒక న్యూరోసైంటిస్ట్ బొగొతాకి లెక్చర్ ఇవ్వడానికి వచ్చాడు, లోపెరా వెళ్ళి ఆయనకి ఈ కుటుంబం సంగతి చెప్పాడు. అక్కడినుంచి ఇద్దరూ ముప్ఫై ఏళ్ళు కలిసి పనిచేశారు. 1995లో పద్నాలుగో క్రోమోజోమ్ మీద ప్రెసెనిలిన్ 1 అనే జన్యువు బయటపడింది, ఈ కుటుంబంలో ఉన్న తప్పు దాంట్లోనే. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 280వ స్థానంలో గ్లుటామిక్ యాసిడ్ ఉండాల్సిన చోట అలనిన్ ఉంది. అంతే. నాలుగు వందల పైచిలుకు అక్షరాల మాటలో ఒక్క అక్షరం మారింది. ఆ ప్రాంతం వాళ్ళని పైసా అంటారు, అందుకని దీనికి పైసా మ్యుటేషన్ అని పేరొచ్చింది, మన పైసా కాదు. (నవ్వులు)

ఆ ఒక్క అక్షరంతో ఏమవుతుందంటే, మన నరాల కణాల పొరలో ఏపీపీ అని ఒక ప్రోటీన్ ఉంటుంది, దాన్ని కత్తిరించే కత్తెరలో ఒక రేకు ఈ ప్రెసెనిలిన్. కత్తెర సరిగా ఉంటే ముక్కలు చిన్నవి, కరిగిపోయేవి వస్తాయి. ఈ మార్పు ఉన్నవాళ్ళలో కత్తెర కొంచెం పక్కకి తెగుతుంది, కాస్త పొడుగు ముక్కలు, అమిలాయిడ్ 42 అంటాం, ఎక్కువ వస్తాయి, అవి జిగురు జిగురుగా ఒకదానికొకటి అతుక్కుని కణాల మధ్య గడ్డలు కడతాయి. తర్వాత కణం లోపల టావ్ అనే ఇంకో ప్రోటీన్ పురి తిరిగి చిక్కుపడుతుంది, అప్పుడు కణం చస్తుంది. నేను పనిచేసింది ఈ రెండోదాని మీద. గడ్డలా చిక్కులా ఏది అసలు దొంగ అని మా వాళ్ళు ముప్ఫై ఏళ్ళు కొట్టుకున్నారు, ఇప్పటికీ పూర్తిగా ఆగలేదు, ఆ గొడవలోకి ఇవాళ పోను.

మేనరికం వల్ల వచ్చిందా అని అడుగుతారు మీలో ఎవరో ఒకరు, ఎక్కడ మాట్లాడినా అడుగుతారు, అందుకని ముందే చెప్తున్నా. కాదు. మేనరికంలో భయపడేది అమ్మనుంచి ఒకటి నాన్ననుంచి ఒకటి రెండు కాపీలూ చెడితేనే వచ్చే జబ్బులకి. దీనికి ఒక్క కాపీ చాలు. అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకి సగానికి సగం, బొమ్మా బొరుసా అన్నట్టు. పది మంది పిల్లలున్న ఇళ్ళు అవి. ఆ ఇంట్లో భోజనాల దగ్గర కూర్చుంటే ఎవరికి వస్తుందో ఎవరికి రాదో తెలీదు, కానీ ఇంతమందిలో సుమారు ఇంతమందికి వస్తుంది అని మాత్రం తెలుసు.

వచ్చేది ఎప్పుడో కూడా చాలావరకు తెలుసు, అదే ఈ కుటుంబం శాస్త్రానికి ఇచ్చిన అసలు సంగతి. సగటున నలభై నాలుగుకి జ్ఞాపకం తగ్గడం మొదలు, నలభై తొమ్మిదికి పూర్తి డిమెన్షియా, అరవై దగ్గరకి వచ్చేసరికి పోతారు. మన దగ్గర డెబ్బై అయిదేళ్ళ ఆయన వస్తే జబ్బు ఎప్పుడు మొదలైందో ఎవరు చెప్పగలరు, షుగరుందా, బీపీ ఉందా, చిన్న స్ట్రోక్ ఏమైనా వచ్చిందా, అన్నీ కలిసిపోయి ఉంటాయి. వీళ్ళు వయసులో ఉన్నవాళ్ళు, వేరే జబ్బులు తక్కువ, ఎప్పుడొస్తుందో ముందే తెలుసు, అంటే రాకముందునుంచే చూడొచ్చు. చూశారు. బాగానే ఉన్న కుర్రాళ్ళకి, జన్యువు ఉన్నవాళ్ళకి, పెట్ స్కాన్ చేస్తే మెదడులో అమిలాయిడ్ చేరడం సగటున ఇరవై ఎనిమిదో ఏటనుంచే కనిపించింది. ఇరవై ఎనిమిది అంటే మనిళ్ళలో సంబంధాలు చూస్తున్న వయసు. టావ్ ఇంకో పదేళ్ళు ఆగి ముప్ఫైల చివర్లో వస్తుంది. అంటే మనం మతిమరుపు వచ్చిందని హాస్పిటల్‌కి పోయే రోజుకి లోపల పదిహేనేళ్ళ పని అయిపోయి ఉందన్నమాట. ఇవాళ ఆల్జీమర్స్‌కి ముందుగా మందివ్వాలి ముందుగా మందివ్వాలి అని అందరూ అంటున్నది ఇలాంటి కుటుంబాల్లో చూసిన లెక్కలు పట్టుకునే.

మెదడు బ్యాంకు సంగతి చెప్పాలి. ఆ జబ్బు ఖాయంగా ఏంటో తెలియాలంటే పోయాక మెదడు తీసి చూడాలి, అది కూడా గంటల్లో తీయాలి, ఆలస్యమైతే పనికిరాదు. అంటే ఏం చేయాలి, ఇంట్లో శవం ఉంది, అందరూ ఏడుస్తున్నారు, ఆ టైములో ఫోన్ వస్తుంది, వెళ్ళి అమ్మా మెదడు ఇస్తారా అని అడగాలి. మనిళ్ళలో ఊహించుకోండి ఒకసారి, కళ్ళు ఇవ్వమంటేనే వచ్చే జన్మలో గుడ్డివాడవుతాడు అనే పెద్దమ్మ ఒకావిడ ఉంటుంది ప్రతి ఇంట్లో. అక్కడా అంతే, కాథలిక్కులు, శవం పూర్తిగా ఉండాలి అనుకునేవాళ్ళు. అయినా వందల కుటుంబాలు ఇచ్చాయి. ఎందుకు ఇచ్చాయంటే ఆ అడిగే మనిషి ఆ రోజు కొత్తగా రాలేదు, పదేళ్ళుగా వాళ్ళమ్మకి మంచాన పడితే పుళ్ళు పడకుండా ఎలా తిప్పాలో చెప్పి వెళ్తున్న మనిషి. ఇది ఏ పేపర్లోనూ మెథడ్స్ సెక్షన్లో రాయరండీ. నా లెక్కలో లోపెరా అసలు పద్ధతి ఇదే, మళ్ళీ వెళ్ళడం. ఏమీ ఇవ్వలేనప్పుడు కూడా వెళ్ళడం. ఎందుకంటే ముప్ఫై ఏళ్ళపాటు ఆయన దగ్గర వాళ్ళకి ఇవ్వడానికి మందు లేదు.

2013లో మందు వచ్చిందనుకున్నారు. క్రెనెజుమాబ్, అమిలాయిడ్‌ని పట్టుకునే యాంటీబాడీ. అమెరికాలో బ్యానర్ ఇన్‌స్టిట్యూట్, జెనెన్‌టెక్ కంపెనీ, వీళ్ళూ కలిసి, జబ్బు ఇంకా రానివాళ్ళకి ముందే ఇచ్చి చూద్దామని. 252 మంది చేరారు. దీంట్లో ఒక ఏర్పాటు నాకు చాలా నచ్చింది. ట్రయల్‌లో జన్యువు ఉన్నవాళ్ళనే చేర్చుకుంటే చేరినవాళ్ళందరికీ మనకి ఉంది అని తెలిసిపోతుంది కదా, పక్కింటివాళ్ళకి కూడా తెలిసిపోతుంది, అందుకని జన్యువు లేనివాళ్ళని కూడా 83 మందిని చేర్చుకున్నారు, వాళ్ళందరికీ ఉత్తుత్తి మందే. ఉన్నవాళ్ళు 169 మంది, వాళ్ళలో సగం మందికి మందు, సగం మందికి ఉత్తుత్తిది. అంటే ఒక మనిషి ఏళ్ళ తరబడి ఇంజెక్షన్లు వేయించుకుంటాడు, తనకి జన్యువు ఉందో లేదో తెలీదు, ఎక్కుతున్నది మందో కాదో తెలీదు, వేసే నర్సుకీ తెలీదు. లేనివాళ్ళు, అసలు జబ్బు రానే రానివాళ్ళు, అన్నదమ్ముల కోసం అక్కచెల్లెళ్ళ కోసం వచ్చి సూది వేయించుకున్నారు, తమకి జన్యువు లేదని తెలీకుండానే.

2022 జూన్‌లో ఫలితం చెప్పారు. పనిచేయలేదు. అంకెల్లో కొద్దిగా అటువైపు మొగ్గు కనిపించింది గానీ లెక్కకి నిలిచేది కాదు.

(కాసేపు నిశ్శబ్దం)

మా ఫీల్డులో ట్రయల్ ఫెయిలవడం కొత్త కాదు, నా సర్వీసులో ఎన్ని చూశానో నాకే లెక్కలేదు, ఫెయిలైతే కంపెనీ షేరు పడుతుంది, మేం టీ తాగుతూ నేను ముందే చెప్పా కదా అనుకుంటాం. కానీ అక్కడ ఆ వార్త ఇళ్ళల్లోకి వెళ్ళి చెప్పాలి. ట్రయల్ నడిచిన ఏళ్ళలో మొదలైపోయినవాళ్ళున్నారు. తర్వాత ఇదే రకం మందుల్లో లెకనెమాబ్ 2023లో అమెరికాలో పూర్తి అనుమతి తెచ్చుకుంది, అది కూడా జబ్బుని ఆపదు, ఏడాదిన్నరలో దిగజారే వేగాన్ని 27 శాతం తగ్గించింది, ఇంట్లోవాళ్ళకి కంటికి తెలిసేంత తేడానా అని డాక్టర్ల మధ్యే వాదన ఉంది. నాకైతే మొదటి మెట్టు అని అనిపిస్తుంది, ధర చూస్తే మాత్రం మన మెట్టు కాదు.

ఇప్పుడు అలీరియా గారి దగ్గరికి వస్తున్నా, నేను అసలు ఈ టాపిక్ తీసుకుందే ఈవిడ కోసం. అలీరియా రోసా పియెద్రాహీతా. ఈ పేరు వాళ్ళ ఇంటివాళ్ళే బయటపెట్టారు, దాచినది కాదు. ఈవిడకి పైసా మ్యుటేషన్ ఉంది. లెక్క ప్రకారం నలభై నాలుగుకి మొదలవ్వాలి. కాలేదు. యాభై, అరవై, ఏం కాలేదు. డెబ్బై దాటాక గానీ కాస్త మతిమరుపు రాలేదు. దాదాపు ముప్ఫై ఏళ్ళు ఆలస్యం. నలభై ఏళ్ళపాటు వేల మందిని చూస్తూ కూర్చున్నవాళ్ళకి గానీ ఈ ఒక్క మనిషి కంటపడదండీ. ఒక హాస్పిటల్లో ఓపీ చూసే డాక్టరుకి ఈవిడ తగిలితే, అమ్మా మీరు బాగానే ఉన్నారు వెళ్ళిరండి అంటాడు, అంతే కదా. జబ్బు రానిమనిషి హాస్పిటల్‌కే రాదు.

యకీల్ కిరోస్ అని, లోపెరా దగ్గరే పని మొదలుపెట్టి తర్వాత బాస్టన్‌లో స్థిరపడిన కొలంబియా అమ్మాయి, ఆవిడా వాళ్ళ టీమూ అలీరియాని బాస్టన్ తీసుకెళ్ళి స్కాన్ చేశారు. మెదడు నిండా అమిలాయిడ్. ఆ కుటుంబంలో ఎవరికీ లేనంత. టావ్ మాత్రం చాలా తక్కువ. మా టావ్ వాళ్ళం దీన్ని చూసి ఎగిరి గంతేశాం లెండి. (నవ్వులు) జన్యువులన్నీ చదివితే ఏపీఓఈ అనే ఇంకో జన్యువులో ఒక అరుదైన మార్పు, క్రైస్ట్‌చర్చ్ అంటారు, న్యూజీలాండ్ ఊరి పేరు, అది అమ్మవైపు నాన్నవైపు రెండు కాపీలూ ఉన్నాయి. 2019 నవంబర్లో పేపరు వచ్చింది. ఒకే మనిషి మీద పేపరు, మా రివ్యూయర్లు మామూలుగా శాంపిల్ సైజు ఒకటా అని విసిరి కొడతారు.

ఒకరేగా, కాకతాళీయం కావచ్చు అని నాకూ అనుమానం ఉండేది. 2023లో అదే కుటుంబంలో ఇంకొకాయన, పైసా మ్యుటేషన్ ఉన్నాయనే, ఈయనకి రీలిన్ అనే వేరే జన్యువులో మార్పు, అరవై ఏడు దాకా బాగున్నాడు. 2024లో మళ్ళీ ఆ రికార్డులన్నీ వెతికి పైసా మ్యుటేషన్‌తో పాటు క్రైస్ట్‌చర్చ్ ఒక్క కాపీ ఉన్నవాళ్ళని 27 మందిని పట్టుకున్నారు, వాళ్ళలో జబ్బు సుమారు ఐదేళ్ళు ఆలస్యంగా మొదలైంది, ఆ పేపర్లో వీళ్ళతో పోల్చిన చుట్టాలకి 47, వీళ్ళకి 52. ఐదేళ్ళంటే తక్కువ అనిపిస్తుంది గానీ నలభై ఏడేళ్ళ తల్లికి ఐదేళ్ళంటే పిల్ల డిగ్రీ అయిపోతుంది. ఇప్పుడు ఆ మార్పు చేసే పనినే చేసే యాంటీబాడీ తయారుచేసి ఎలకల్లో చూస్తున్నారు. ఎలకలు, మళ్ళీ మా ఎలకలు. దాన్నిబట్టి రేపే మందు వచ్చేస్తుందని ఇంటికెళ్ళి చెప్పకండి, ఎలకల్లో మేం ఈ జబ్బుని ఎన్నోసార్లు నయం చేశాం.

అలీరియా 2020 నవంబర్లో, డెబ్బై ఏడేళ్ళకి, చర్మపు క్యాన్సర్, మెలనోమాతో పోయారు. మెదడు ఇచ్చారు, జర్మనీలో హాంబర్గ్‌లో కోసి చూశారు, స్కాన్ చెప్పిందే నిజం. నాలుగేళ్ళకి లోపెరా కూడా పోయాడు, ఆయనకీ మెలనోమానే. దీంట్లో ఏ అర్థమూ లేదు, ఊరికే చెప్పాను.

టైమెంత... సరే. ఒకటి రెండు ప్రశ్నలు తీసుకోమంటున్నారు. అమ్మా మీరు అడగండి. మైక్ ఇవ్వండి ఆవిడకి.

ఆ. వాళ్ళమ్మగారికి డెబ్బై ఎనిమిదికి వచ్చిందట, తనకి కూడా ఖాయమా అని. కాదమ్మా. నేను ఇంతసేపు చెప్పిన ఒకే జన్యువు రకం మొత్తం ఆల్జీమర్స్‌లో నూటికి ఒకటి కూడా ఉండదు. మీ అమ్మగారిది మామూలు రకం, మీకు రిస్కు కాస్త ఎక్కువే గానీ బొమ్మా బొరుసా కాదు. మన దేశంలో అరవై దాటినవాళ్ళలో నూటికి ఏడుగురికి పైన డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన లెక్క, అంటే సుమారు 88 లక్షల మంది, వాళ్ళందరి పిల్లలూ ఇదే అడుగుతున్నారు.

ఇంకోటి, ఆ బాబు. రెండు భాషలు వస్తే రాదంటారు నిజమేనా? రాదు అని కాదు, లేటుగా వస్తుంది అని. అది మన హైదరాబాద్‌లో నిమ్స్‌లోనే చేశారు, సువర్ణ అల్లాడి గారూ వాళ్ళూ, 2013లో వచ్చింది, 648 మంది రోగుల్ని చూస్తే ఒకే భాష వచ్చినవాళ్ళ కంటే రెండు భాషల వాళ్ళకి నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది, చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా ఉంది. హైదరాబాద్ కాబట్టి కుదిరింది, తెలుగూ ఉర్దూ బజార్లో నేర్చుకున్నవాళ్ళు దొరుకుతారు, వేరే దేశాల్లో రెండు భాషలొస్తే వలస వచ్చినవాళ్ళో చదువుకున్నవాళ్ళో అయ్యుంటారు, ఏది దేనివల్లో తేల్చలేరు. ఆ పేపరు నేను మా నాన్నకి చదివి వినిపించాను. ఆయనకి తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, కాస్త తమిళం వచ్చు. మొత్తం విని, మరి నాకెందుకు వచ్చిందిరా అన్నాడు. ఇంకో పది నిమిషాలకి మళ్ళీ చదవమన్నాడు.

చాలండీ, వాళ్ళు హాలు తాళం వేసుకోవాలట.